చరిత్ర అధ్యయనం

గడిచిన కాలంలో మనుషులు ఏం చేశారో, ఎందుకు చేశారో మిగిలిన ఆధారాలను బట్టి తెలుసుకునే విద్య చరిత్ర. జరిగిపోయిన దానికీ, దాని గురించి మనం రాసుకున్న దానికీ తెలుగులో ఈ ఒక్క మాటే వాడతాం. నిజానికి రెండూ వేరు. జరిగింది మారదు. దాని గురించి మనకు తెలిసింది మాత్రం కొత్త శాసనం బయటపడినప్పుడూ, పాత శాసనాన్ని మరొకరు జాగ్రత్తగా చదివినప్పుడూ మారుతూనే ఉంటుంది. బడిలో చరిత్ర అంటే రాజుల పేర్లు, యుద్ధాల తేదీలు వల్లె వేయడంగానే చాలామందికి పరిచయం. ఆ తేదీ మనకెలా తెలిసిందని అడగడం ఎవరూ నేర్పలేదు. చరిత్ర చదువు విలువ ప్రధానంగా ఆ అడగడంలో ఉందన్నదే ఈ వ్యాసం ఆధారపడిన అభిప్రాయం.

పదం, అర్థం

సంస్కృతంలో 'చర్' ధాతువుకు నడవడం అని అర్థం. చరిత్ర అంటే మొదట నడత, నడవడి. "నీ చరిత్రంతా నాకు తెలుసు" అని తెలుగులో ఎవరైనా అన్నారంటే అది బెదిరింపే. ఆ వాడుకలో పాత అర్థం ఇంకా బతికి ఉంది. 'ఇతిహాసం' అన్న మాటను విడదీస్తే 'ఇలా జరిగింది కదా' అని వస్తుంది. క్రీ.పూ. 5వ శతాబ్దంలో హెరొడోటస్ వాడిన గ్రీకు మాట 'హిస్టోరియా'కు విచారణ అని అర్థం.

విచారణ అన్న భావం ఒక్క గ్రీసుకే పరిమితం కాలేదు. 12వ శతాబ్దంలో కాశ్మీర చరిత్రగా రాజతరంగిణి రాసిన కల్హణుడు తనకు ముందున్న గ్రంథాలతో పాటు శాసనాలను కూడా చూశాడు. రాగద్వేషాలు విడిచి న్యాయాధికారిలా చెప్పేవాడే మెప్పుకు తగినవాడన్నాడు. 1377లో 'ముఖద్దిమా' రాసిన ఇబ్న్ ఖల్దూన్ పాత గ్రంథాల్లోని సైన్యాల లెక్కలను అలాగే ఒప్పుకోలేదు. అంతమంది ఆ నేల మీద నిలవగలరా, వారికి తిండి ఎక్కడిది అని అడిగాడు. 1440లో ఇటలీ పండితుడు లొరెంజో వల్లా, పోపులు శతాబ్దాలుగా చూపుతూ వచ్చిన కాన్‌స్టంటైన్ చక్రవర్తి దానపత్రం నకిలీదని నిరూపించాడు. ఆ పత్రంలోని లాటిన్ భాష చక్రవర్తి కాలం నాటిది కాదు, తర్వాతిది. ఈ ముగ్గురూ ఒకరినొకరు ఎరగరు. చేసిన పని మాత్రం ఒక్కటే. పెద్దలు చెప్పారన్న కారణంతో దేన్నీ నమ్మకుండా తూచి చూశారు.

చందుపట్ల శాసనం

ఆ తూచడం ఎలా ఉంటుందో తెలియాలంటే రుద్రమదేవి సంగతి తీసుకోవాలి.

కాకతీయ గణపతిదేవుడి తర్వాత ఓరుగల్లు సింహాసనం ఎక్కిన రుద్రమను పెక్కు శాసనాలు 'రుద్రదేవ మహారాజు' అని పురుష నామంతో పేర్కొంటాయి. 13వ శతాబ్ది చివర మోటుపల్లి ప్రాంతం గురించి రాసిన మార్కోపోలో ఆమె పరిపాలనను మెచ్చుకున్నాడు. అక్కడి వజ్రాల గురించి, సాలెపురుగు గూడంత సన్నని బట్టల గురించి చెప్పాడు. అయితే ఆమెను చనిపోయిన రాజుగారి భార్య అనుకున్నాడు. సమకాలికుడు, పరాయివాడు, అబద్ధం చెప్పాల్సిన అవసరం లేనివాడు. అయినా పొరబడ్డాడు. ఆమె గణపతిదేవుడి కూతురని మనకు ధ్రువపడింది శాసనాల వల్ల, ప్రతాపరుద్రుడి ఆస్థానంలోని విద్యానాథుడు రాసిన ప్రతాపరుద్ర యశోభూషణం వల్ల. దూరాన విన్నవాడి మాట కంటే ఇంటివాడి మాటకు ఈ విషయంలో బలం ఎక్కువ. అదే ఇంటివాడు తన ప్రభువు యుద్ధంలో గెలిచాడని చెబితే అప్పుడు పరాయివాడి మాట కూడా వినాలి. సాక్షి ఒక్కడే అయినా అతను చెప్పే ప్రతి సంగతికీ ఒకే విలువ ఉండదన్నది చరిత్ర విద్యార్థి నేర్చుకునే తొలి పాఠాల్లో ఒకటి.

రుద్రమ పాలన 1295 దాకా, కొందరి లెక్కలో 1296 దాకా సాగిందని చాలాకాలం పుస్తకాల్లో రాశారు. ఆ లెక్కను మార్చింది నల్గొండ జిల్లా నకిరేకల్లు దగ్గరి చందుపట్లలో ఉన్న శాసనం. శక సంవత్సరం 1211, విరోధి నామ సంవత్సరం, మార్గశిర మాసం అని దాని కాలం. శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తు శకం వస్తుంది కాబట్టి అది 1289. ఆ ఏడు విరోధి అవునో కాదో అరవై సంవత్సరాల చక్రంలో వెనక్కి లెక్కపెట్టి సరిచూసుకోవచ్చు. నకిలీ తామ్రశాసనాలు చాలావరకు దొరికిపోయేది ఇక్కడే. చెప్పుకున్న శక సంవత్సరానికీ, సంవత్సర నామానికీ, తిథికీ పొత్తు కుదరదు, లేదా లిపి ఆ కాలం కంటే తర్వాతిదిగా తేలుతుంది. చందుపట్ల శాసనానికి లెక్క కుదిరింది.

పువ్వుల ముమ్మడి అనే అతను చందుపట్ల సోమనాథదేవరకు భూమి దానం చేశాడన్నది శాసన విషయం. అతను మల్లికార్జున నాయకుడి భృత్యుడు. శివలోకం చేరిన కాకతి రుద్రమదేవికీ, మల్లికార్జున నాయకుడికీ పుణ్యంగా ఈ దానం చేశానన్నాడు. ఓరుగల్లు రాణి మరణాన్ని తేదీతో మనకు చెప్పింది ఆస్థాన కవి ఎవరూ కాదు. తన నాయకుడిని పోగొట్టుకున్న ఒక సేవకుడు పల్లెలో వేయించిన రాయి. కాకతీయ చరిత్రకు జీవితాన్ని ధారపోసిన పి.వి. పరబ్రహ్మశాస్త్రి వంటి పండితుల కృషి వల్ల ఆ రాయి విలువ లోకానికి తెలిసింది.

శాసనం చెప్పని సంగతులను కూడా గమనించాలి. వారిని ఎవరు చంపారో, ఎక్కడ చనిపోయారో అందులో లేదు. ఆ మాటకొస్తే చంపారని కూడా లేదు. రాణి, సైన్యాన్ని నడిపే నాయకుడు ఒకేసారి శివలోకం చేరడం, అదే కాలంలో కాకతీయ సామంతుడైన కాయస్థ అంబదేవుడు తిరగబడటం, 1290 నాటి త్రిపురాంతకం శాసనంలో అతను తన విజయాలు చాటుకోవడం, ఈ మూడింటినీ కలిపి రుద్రమ అంబదేవుడితో యుద్ధంలో మరణించిందని చరిత్రకారులు తేల్చారు. అది బలమైన ఊహ. మరణం శాసనంలో ఉన్నది, అంబదేవుడు ఊహలో ఉన్నవాడు. ఈ తేడాను చెరపకుండా చెప్పడమే నిజాయితీ. పాఠ్యపుస్తకాల్లో, సినిమాల్లో మొదట మాయమయ్యేది ఈ తేడానే.

తెలుగులో చరిత్ర రచన

ఇంగ్లీషువారు రాకముందు తెలుగువారికి చరిత్ర స్పృహ లేదన్న మాట అక్కడక్కడా వినిపిస్తుంది. ఇది సరైన మాట కాదు. గ్రామ కరణాలు తరతరాలుగా ఊరి పుట్టుక, సరిహద్దులు, మాన్యాలు, గుడులు, పాలకులు మారిన వైనం కవిలెల్లో రాసి పెట్టారు. 1783లో ఇండియాకు వచ్చి, 1815లో తొలి సర్వేయర్ జనరల్ అయిన కల్నల్ కాలిన్ మెకంజీ సేకరించిన స్థానిక చరిత్రలకు ఈ దండకవిలెలు ముఖ్యమైన మూలం. మనం కైఫియత్తులని పిలిచేవి అవే. ఊరూరా తిరిగి, కరణాలను ఒప్పించి, శాసనాలు చదివించి వాటిని పోగు చేసినవారు కావలి వెంకట బొర్రయ్య, ఆయన తమ్ముడు లక్ష్మయ్య, వారితో పనిచేసిన పండితులు. బొర్రయ్య 1803లో, ముప్పై ఏళ్లు నిండకుండానే చనిపోయాడు. మెకంజీ పేరు తెలిసినంతగా ఆయన పేరు తెలుగువారికి తెలియకపోవడం విచారకరం. తర్వాత సి.పి. బ్రౌన్ ఎన్నో కైఫియత్తులకు ప్రతులు రాయించాడు. కైఫియత్తుల్లో కల్పనలు, స్థలపురాణాలు, చోళ రాజుల కాలంలో ఊరు పుట్టిందన్న మూస మాటలు దండిగా ఉన్నాయి. వాటిని గాలించుకోవాలి. ఒక మాన్యం ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోయిందో, ఏ చెరువు ఎవరు తవ్వించారో చెప్పే చోట్ల మాత్రం వాటికి సాటి వచ్చే ఆధారం మరొకటి దొరకడం కష్టం.

పద్ధతి ప్రకారం తెలుగులో చరిత్ర రాయాలన్న పట్టుదల కొమర్రాజు లక్ష్మణరావుది. 1906లో హైదరాబాదులో మొదలైన విజ్ఞాన చంద్రికా గ్రంథమాల ఆయన, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, రావిచెట్టు రంగారావు తదితరుల కృషి ఫలం. చిలుకూరి వీరభద్రరావు 'ఆంధ్రుల చరిత్రము' మొదటి భాగాన్ని 1910లో ఈ గ్రంథమాలే వెలువరించింది. లక్ష్మణరావు స్వయంగా తలకెత్తుకున్న ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం అకారం దాటకముందే 1923లో ఆయన కన్నుమూశారు. ఆయన పేరుతో నిలిచిన లక్ష్మణరాయ పరిశోధక మండలి, ఆదిరాజు వీరభద్రరావు వంటివారి శ్రమతో, 1935లో 'తెలంగాణా శాసనములు' మొదటి సంపుటాన్ని అచ్చు వేసింది. నిజాం రాజ్యంలో తెలుగుకు గౌరవం కరవైన రోజుల్లో రాళ్ల మీది తెలుగును పుస్తకంగా చూపడం ఎంత ధైర్యమిచ్చిందో ఊహించవచ్చు.

ఈ కథలో లక్ష్మణరావు అక్క భండారు అచ్చమాంబను మరిచిపోవడం అలవాటైంది. బడికి వెళ్లని ఆమె ఇంటి దగ్గరే పలు భాషలు నేర్చింది. 1901లో వెలువడిన 'అబలా సచ్చరిత్ర రత్నమాల'లో దేశంలోని గొప్ప స్త్రీల జీవితాలను ఒకచోట చేర్చింది. స్త్రీలకు చదువెందుకని వాదించేవారికి ఆమె ఇచ్చిన జవాబు చరిత్రే. 1905లో, చిన్న వయసులోనే చనిపోయింది. తెలుగులో చరిత్ర రచయితల పట్టిక రాసేటప్పుడు తమ్ముడి పేరుతో మొదలుపెట్టడం కాలక్రమం దృష్ట్యా కూడా తప్పే.

సురవరం ప్రతాపరెడ్డి దారి మళ్లించారు. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరన్న మాటకు 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను 1934లో బదులిచ్చిన మనిషి ఆయన. వాదానికి దిగకుండా సాక్ష్యం ముందు పెట్టారు. 1949లో వచ్చిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో రాజులను పక్కకు జరిపి, జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు, దేనికి భయపడ్డారు అని అడిగారు. ఆధారాలుగా పాల్కురికి సోమనాథుడి కావ్యాలను, క్రీడాభిరామాన్ని, ఆముక్తమాల్యదను, హంసవింశతిని చదివారు. వర్ణనల కోసం చదివే పద్యాల్లో ఆయన పూటకూళ్ల ఇంటి ధరలు వెతికారు, రైతు గుడిసె చూశారు. 1955లో తెలుగుకు తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం తెచ్చిన పుస్తకం ఇదే. అప్పటికి ఆయన లేరు.

అదే 1949లో ఫ్రాన్సులో మార్క్ బ్లాక్ రాసిన అసంపూర్ణ గ్రంథం ఒకటి అచ్చయింది. చరిత్ర వల్ల ఉపయోగమేమిటని ఒక పిల్లవాడు చరిత్రకారుడైన తండ్రిని అడిగిన ప్రశ్నతో అది మొదలవుతుంది. బ్లాక్ నాజీలకు వ్యతిరేకంగా రహస్య పోరాటంలో చేరి, పట్టుబడి, 1944 జూన్ 16న కాల్చివేతకు గురయ్యారు. రాజుల నుంచి సమాజం వైపు చరిత్రను తిప్పినవారిలో ఆయన ముఖ్యుడు. సురవరం ఆయన రచనలు చదివారని చెప్పడానికి ఆధారం లేదు. రెండు చోట్లా, రెండు నిరంకుశత్వాల నీడలో, ఒకే ప్రశ్న పుట్టిందని మాత్రం చెప్పవచ్చు.

రాతకెక్కని వారు

శాసనంలో దానమిచ్చినవారి పేరు ఉంటుంది, పుచ్చుకున్న గుడి పేరు ఉంటుంది. ఆ పొలం దున్నినవారి పేరు ఉండదు. అలాగని వారి జాడ అసలే దొరకదని కాదు. గానుగకింత, మగ్గానికింత అని పన్నులు విధించిన శాసనాలు శ్రద్ధగా చదివితే ఊళ్లోని వృత్తులన్నీ కళ్లముందుకు వస్తాయి. 1244లో గణపతిదేవుడు వేయించిన మోటుపల్లి అభయశాసనం ఓడ వర్తకులకు ఒక మాట ఇచ్చింది. తుపానుకు ఒడ్డున పడ్డ ఓడల సరుకును పూర్వపు రాజులు లాక్కునేవారు, ఇకమీదట న్యాయమైన సుంకం తప్ప మరేమీ తీసుకోమని దాని సారం. రాజు ఉదారత చాటడానికి వేసిన ఆ శాసనమే అంతకుముందు సముద్రం మిగిల్చిన వర్తకుడిని ఒడ్డున ఎలా దోచారో మనకు చెబుతోంది.

కొందరి విషయంలో రాయీ లేదు, కాగితమూ లేదు. నోటి మాటే ఆధారం. 1986లో స్త్రీ శక్తి సంఘటన వెలువరించిన 'మనకు తెలియని మన చరిత్ర' తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్లను వెతికి, కూర్చోబెట్టి, వారి మాటల్లోనే రాసిన పుస్తకం. నాయకులు రాసిన పోరాట చరిత్రల్లో కనిపించని సంగతులు, పసిబిడ్డతో అడవిలో తలదాచుకోవడం, పోరాటం ముగిశాక తిరిగి వంటింటికి పంపితే కలిగిన బాధ అందులో ఉన్నాయి. జ్ఞాపకం కూడా పొరబడుతుంది. దాన్నీ తూచవలసిందే. తెలుగులో చరిత్ర రచన నిజంగా విశాలమైంది ఇలాంటి పుస్తకాలతోనే అని ఈ వ్యాసకర్త నమ్మకం.

ఉపయోగం

"గతం గతః" అనుకునేవారికి బందరు ఒక జవాబు. 1864 నవంబరు 1 రాత్రి మచిలీపట్నం మీద విరుచుకుపడిన ఉప్పెనలో సుమారు 30,000 మంది చనిపోయారు. దానికి ముందు 1789లో, 1839లో గోదావరి ముఖద్వారం దగ్గర కోరంగి రేవును ఉప్పెనలు ముంచాయి. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి సముద్రం వచ్చినప్పుడు అధికార లెక్కల్లోనే పది వేల మంది దాకా పోయారు. అక్కడి జనానికి అది కనీవినీ ఎరుగని విపత్తు. కాగితాల్లో మాత్రం అది ఆ తీరం ఎరిగినదే. ఉప్పెన తట్టుకునే తుపాను ఆశ్రయ భవనాలు తీరం పొడవునా పెద్ద ఎత్తున లేచింది 1977 తర్వాత. సముద్రం ఎంత దూరం రాగలదో ఒక తరం మరిచిపోతే దాని మూల్యం ఎలా ఉంటుందో ఈ తేదీలు చెబుతాయి.

పొలం తగాదా వచ్చిన ఇంట్లో ప్రతి ఒక్కరూ చరిత్రకారులవుతారు. ఈ పహాణీ ఏ సంవత్సరానిది, అడంగల్‌లో పేరు ఎప్పుడు మారింది, రాసింది ఎవరు, అప్పుడు ఆ అధికారి ఆ ఊళ్లో ఉన్నాడా, సంతకం అతనిదేనా అని అడుగుతారు. ఎకరా నేల కోసం ఇంత జాగ్రత్తగా కాగితం చదివే మనం, మన జాతి గురించి, కులం గురించి, పక్కవాడి మతం గురించి ఎవరో పంపిన ఫోన్ సందేశాన్ని ఏ ప్రశ్నా లేకుండా నమ్మి పదిమందికి పంపుతున్నాం. చరిత్ర చదివినవారికి దక్కే అసలు లాభం ఆ పహాణీ ముందు చూపే జాగ్రత్తను అన్ని చోట్లా చూపగలగడం.

దుర్వినియోగం

కొమర్రాజు తరం చరిత్రను ఆత్మగౌరవం కోసం తవ్వింది. ఆ రోజుల్లో అది అవసరం. అయితే గర్వం చరిత్రలోకి దించే మంచి గుమ్మమే గాని తీర్పు చెప్పే కుర్చీ దానికి ఇవ్వకూడదు. కాకతీయుల విషయమే చూడండి. వారి శాసనాల్లో కొన్ని వారిని చతుర్థ వర్ణం వారిగా చెబితే కొన్ని సూర్యవంశ క్షత్రియులుగా చెబుతాయి. ఈ రెండు మాటలూ ఎవరు, ఎప్పుడు, ఎవరి ముందు అన్నారన్నది ఆసక్తికరమైన పరిశోధన. దాన్ని పక్కన పెట్టి, ఈనాటి కులాలు తమకు నచ్చిన శాసనాన్ని చేతబట్టుకుని ఆ రాజులు మావారంటే మావారని కొట్లాడుకోవడం చరిత్ర చదవడం కిందికి రాదు. ఏడు వందల ఏళ్ల నాటి రాణి ఈనాటి ఏ సంఘానికీ సభ్యురాలు కాదు.

ఆధారాల దుస్థితి

1797లో మెకంజీ అమరావతి బౌద్ధ స్తూపం దిబ్బను తొలిసారి చూశాడు. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి కొత్త పట్నం కట్టుబడికి అప్పటికే అక్కడి నుంచి రాయి తరలుతోంది. 1816లో మెకంజీ తిరిగి వచ్చేసరికి స్తూపం నడిమి భాగం చెరువుగా మారింది. సున్నపురాతి పలకలు కొన్ని సున్నపు బట్టీల్లో కాలిపోయాయి. మిగిలినవాటిలో పెద్ద భాగం ఇప్పుడు చెన్నై, లండన్ మ్యూజియంలలో ఉంది. 1926లో వెలుగు చూసిన నాగార్జునకొండ లోయను 1954 నుంచి 1960 వరకు గడువు పెట్టుకుని తవ్వారు. నాగార్జునసాగర్ జలాశయం నిండాక ఇక్ష్వాకుల విజయపురి నీటి అడుగుకు చేరింది. అక్కడ కనీసం ముందు తవ్వి, తీయగలిగినవి తీసి, కొండ మీదికీ అనుపుకూ చేర్చారు. అమరావతికి ఆ మాత్రం అదృష్టం లేదు.

పల్లెల్లో ఈ నష్టం ఇంకా జరుగుతోంది. శాసన స్తంభాలు బట్టలుతికే బండలవుతున్నాయి. జీర్ణోద్ధారణ పేరుతో గుడి గోడల మీది అక్షరాలపై సున్నమో రంగో పడుతోంది. కొన్నిచోట్ల యంత్రం పెట్టి రాయిని నునుపు చేస్తున్నారు. శాసనం నకలు తీయడానికి పెద్ద ఖర్చు కూడా కాదు. రాయిని నీళ్లతో కడిగి, తడి కాగితం అంటించి, గుంటల్లోకి దిగేలా బ్రష్‌తో కొట్టి, పైన సిరా అద్దితే అక్షరాలు తెల్లగా తేలుతాయి. దేశంలోని శాసనాలను చదివే కేంద్ర పురావస్తు శాఖ శాసన విభాగం ముఖ్య కార్యాలయం మైసూరులో ఉంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పురావస్తు శాఖలున్నాయి.

మీ ఊరి గుడి దగ్గరో, చెరువు గట్టు మీదో, పొలం మధ్యలోనో అక్షరాలున్న రాయి ఉంటే దాని మీద రంగు వేయనివ్వకండి. ఉన్నచోటే ఉంచి, పక్క వెలుతురులో ఫోటోలు తీసి పురావస్తు శాఖకు పంపండి. చందుపట్లలో పువ్వుల ముమ్మడి నిలిపిన రాయి కూడా ఏడు శతాబ్దాల పాటు అలాంటి ఊరి రాయే.